సత్తు గిన్నె పులుసు

మైపాడు ఒడ్డున, లాగిపెట్టిన పడవ నీడలో చిన్నపోలయ్య కూర్చున్నాడు. పక్కన భార్య అంకాలమ్మ. ఎదురుగా ఆ పడవ మీద వేటకెళ్లే మనుషులు.

“ఆ వలలు పక్కన పడేసి ఇట్టా దగ్గరికి జరగండ్రా. ఒరే మస్తానయ్యా, నోరు మూయి. నా కత అయినాక తెరుద్దువు.”

“పది రోజులు ఆస్పత్రిలో ఉంటివి గదా మామా, ఇంక రావనుకున్నాం.”

“యముడు వచ్చినాడ్రా. నన్ను ఎత్తబోతే నడుం పట్టుకుంది. ‘ఏందిరా ఇంత బరువు’ అని వదిలేసి పోయినాడు.”

“యముడు కాదు, స్ట్రెచర్ తోసేటాయన.”

“నువ్వుండు అంకాలమ్మా. డాక్టరమ్మ నా రక్తం చూసి, ‘పెద్దాయనా, సీసం తింటావా?’ అనింది. ‘లేదమ్మా, చేపలే’ అన్నా.”

“బీపీ సంగతి చెప్పు.”

“చేతికి పట్టీ కట్టి గాలి కొడితే మిషన్లో ముల్లు గోడ దూకి పారిపోయింది. రక్తం చూస్తే చేపలు కడిగిన నీళ్లు. చేతులు చూడండ్రా, భజన లేకుండానే తాళాలేస్తుండాయి.”

“కిడ్నీలు?”

“కిడ్నీలా… అవునురా, ఇంజను బాగు చేయించినారా?”

“మాట తిప్పబాక.”

“సగం పోయినాయంట. పోయింది తిరిగి రాదంట. ఉన్న సగాన్ని బుజ్జగించుకోవాలంట.”

“అంత సీసం నీ ఒంట్లోకి యాడినించి పోయింది మామా?”

“నా తెలివిలోనించి. వలకి కట్టే గుండ్లు పోసేదానికి సీసం దేంట్లో కరగబెట్టినా?”

“సత్తు గిన్నెలో.”

“రోజూ మధ్యాన్నం పులుసు దేంట్లో కాచినా?”

“అదే… అదే సత్తు గిన్నెలో.”

“కడిగినా గదా అనుకున్నా. గిన్నెకి అంటిన సీసాన్ని చింతపండు పులుపు లాగేసుకోని పులుసులో కలిపిందంట.”

“అందుకా మామా అంత కమ్మగా, తియ్యగా ఉండేది!”

“అందుకేరా! సీసం పులుపులో కరిగితే తియ్యగా ఉంటదంట. పన్నెండేళ్లు నా చేతి మహిమ అని మీసం తిప్పినా. మీ అత్త పులుసు నోట్లో పెట్టుకోని ‘తీపి తగల్లేదే’ అని మూతి ముడిచినా.”

“ఆ పౌరుషానికే నేను ఆయన పులుసు ముట్టలా. నా రక్తం కూడా చూసినారు. శుభ్రంగా ఉండాది.”

“విన్నారా? ఇంక వలకి గుండ్లు కట్టబాకండి. నన్ను కట్టి ఏస్తే చాలు, అడుక్కి పోద్ది.”

“నవ్వించింది చాలు. పిలిచిన పని చెప్పు.”

“చెప్తుండా గదా…”

“నిన్నటి నించి ఇదే మాట.”

“నేనొక్కణ్ణే తిన్లా గదరా. ‘ఇంకో గరిటె, ఇంకో గరిటె’ అని మీ ఎనిమిది మందికీ నేనే పోసినా. రేపు పొద్దున అందరూ నెల్లూరికి రావాల, పరీక్షకి రక్తం ఇయ్యాల. ఆటోలు మాట్లాడినా. తిట్టేది ఆటోలో తిట్టండి, పడతా… ఏందిరా, అందరూ అట్టా చూస్తుండారు? మస్తానయ్యా, నీకే ఎక్కువ పోసినా. ఇప్పుడు తెరువు నోరు. ఏమన్నా అనరా!”

“అది కాదు మామా… రేపు పరగడుపున రావాల్నా, ఆ గిన్నెలో ఆఖరిసారి పులుసు కాచుకోని తినేసి రావచ్చునా?”