మధ్యాహ్నం చెప్పని పాఠం

చెవులు వినబడని పిల్ల కోసం తల్లి రోజంతా వరండాలో కూర్చుంటే, ఆ పిల్ల బడిలో ఉన్నట్టా, ఇంట్లో ఉన్నట్టా? ఈ పనిలో ఉన్న పదిహేడేళ్లుగా నన్ను వదలని ఈ ప్రశ్నను ముందు రాసుకోమని మేజిస్ట్రేటు గారిని కోరాను.

నా పేరు ప్రమోదిని. భర్త సూర్యప్రకాష్. వయసు 44. ఎం.ఏ., బి.ఇడి. నివాసం టెక్కలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలను అందరితో కలిపి చదివించడంలో ప్రధానోపాధ్యాయులకు శిక్షణ ఇస్తాను.

2025 జూలై 9, బుధవారం, టెక్కలిలో ముప్ఫై ఒక్క మందికి శిక్షణ. పదిన్నరకు మొదలుపెట్టాను. "తల్లిని వరండాలో కాపలా పెడితే అది బడి కాదు, ఆసుపత్రి వార్డు" అన్నాను. నవ్వారు. రాసుకున్నారు. ఉద్దానంలో ఒక ఊరి బడి హెచ్.ఎం. ప్రభాకరరావు గారు నవ్వలేదు.

"మేడమ్, మా బడిలో మహాలక్ష్మని తొమ్మిదేళ్ల పిల్లుంది. సెవులినబడవు. తల్లినంపించేస్తే దానికి గంటయిందని ఎవులు సెప్తారు?"

"భోజనాలయ్యాక చెప్తాను మాస్టారూ" అన్నాను.

చెప్పలేదు. పిల్లకు తోడెవరు, గేటు దగ్గర ఎవరుండాలి, తల్లిని ఎన్ని వారాల్లో మెల్లగా తప్పించాలి, అదంతా మధ్యాహ్నం పాఠం. రెండింటికి, శిక్షణకొచ్చిన వాళ్లలో ఈశ్వరరావు మాస్టారు లేచి, "ఇచ్ఛాపురం బస్సెలిపోద్ది మేడమ్. బేనరట్టుకుంటాం, ఫొటో తీసీండి" అన్నారు. తీశాను. రెండు పూటలూ పూర్తయినట్టు రిజిస్టరులో నేనే రాశాను. అందరూ సంతకాలు పెట్టారు.

14వ తేదీ సోమవారం ప్రభాకరరావు గారు మహాలక్ష్మి తల్లి పోలమ్మను బడి నుంచి పంపేశారు. అంతవరకు ఆమె వరండాలో పీట వేసుకుని జీడిపప్పు పొట్టు తీస్తూ ఉండేది. పన్నెండుంపావుకు భోజనం గంట కొట్టారు. వరండాలో పీట ఉంది, తల్లి లేదు. పిల్ల వెతుక్కుంటూ రోడ్డెక్కింది. వెనక లారీ హారన్ కొట్టిందట. మూడుసార్లు కొట్టిందట. కుడికాలు విరిగింది.

జాగ్రత్తలన్నీ నేర్పినా పాటించలేదని ప్రభాకరరావు గారి మీద కేసు. అందుకు సాక్ష్యం నా రిజిస్టరు. ఆ రాత అబద్ధం. ఆయన అడిగారు. నేను చెప్పలేదు.

పలాసలో ఆసుపత్రికి వెళ్లాను. పోలమ్మ నన్ను తిట్టలేదు. "మా మంచికే సెప్పుంటావమ్మా. దాన్నొక్కపాలి అడగనేదేటి? సైగ సేసి సెప్పును గదా" అంది.

ఇప్పుడు పిల్ల బడికొస్తోంది. పోలమ్మ మళ్లీ ఆ పీట మీదే ఉంది. ఆమెను లేవమనడమే తప్పా, సగం చెప్పి లేవమనడం తప్పా, నాకు తేలలేదు. రేపు ఇంకో మాస్టారు అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

నన్నెవరూ బలవంతపెట్టలేదు. రాసినది చదివించుకున్నాను. నేను చెప్పినదే ఉంది, చెప్పినది నిజం.

(సంతకం) ప్రమోదిని