మూల ప్రెస్సు కీచు

భోజనాల వేళ ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో ఫిట్టరూ, అతని బావమరిదీ ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరో చెవిలో పెట్టుకుని, తమ అభిమాన బ్యాండు కొత్త ఆల్బమ్ వింటున్నారు.

“ఇరవై ఏళ్లు ఇనుమును అరిపించినవాళ్లు, ఇప్పుడు జోలపాటలు పాడుతున్నారేంటి బావా? ముసలైపోయారు!”

“ముసలితనం కాదురా, ఎదుగుదల.”

“ఎదుగుదలా, నీ మొహమా! ఒళ్లు జలదరించే ఆ కీచు ఏది?”

“అది మన మూలనున్న, ఇనప రేకులు వంచే ప్రెస్సుదిరా. ప్రతి ఆల్బమ్‌కీ ఇక్కడికొచ్చేగా దాని కీచు రికార్డు చేసుకునేది.”

“ఈసారీ వచ్చారుగా! మైకులు నేనే మోశాను.”

“మోశావు. పొద్దంతా కూర్చున్నారు, ప్రెస్సు కిక్కురుమంటేనా! ముందురోజు దానికి గ్రీజు దట్టించిందెవడు?”

“నేనే. అంత పెద్దవాళ్ల ముందు మన ప్రెస్సు కీచుమంటే పరువు పోదా బావా?”