మొదటి పఠనం చదవాల్సిన పిల్ల

కాదు ఫాదర్, మనిషిని ఇలా గోడకేసి కూర్చోబెట్టి వెళ్ళిపోతే ఎలాగండీ? కిటికీ ఇటుంది, వెలుతురు ఇటుంది. వాళ్ళేమో మిమ్మల్ని తీసుకెళ్ళి పెచ్చులూడిన సున్నం చూసుకోమని అటు తిప్పారు. ఇదేంటమ్మా అని ఆ నర్సుని అడిగితే, "ఆయన ఏమీ అనరండీ" అంటుంది. అనరు మరి. మాట పడిపోయిన మనిషి ఏమంటారు?

ఉండండి, నేను తిప్పుతాను. ఈ కుర్చీకి బ్రేకు ఎక్కడో ఉండాలే. ఆఁ, ఇదిగో. కాళ్ళు కాస్త పైకి పెట్టండి. ఇప్పుడు నయం.

నన్ను గుర్తుపట్టారా? మూడో తరగతి టీచర్ని. పట్టారు, మీ కళ్ళు చెబుతున్నాయి. తల ఊపకండి, అలిసిపోతారు. వింటే చాలు.

మీకో కబురు తెచ్చాను. కబురంటే నాది కాదు, ఒకళ్ళు మీకు చెప్పమన్నది. వారం రోజులు మోశాను. మోయలేక వచ్చాను అనుకోండి.

పోయిన సోమవారం బడిలో కొత్త పిల్లల్ని చేర్చుకుంటున్నాం. ఈ ఏడాదితో నా ఉద్యోగం అయిపోతుంది కదా, పాఠాలు ఎలాగూ తగ్గించారు, ఫారాలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఒకావిడ ఐదారేళ్ళ పాపని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పేరు చెప్పండి అన్నాను, తలెత్తకుండానే.

పేరు రాలేదు. మొదటి అక్షరం దగ్గర ఆగింది. బల్ల మీద వేలితో ఒకటి, రెండు, మూడు అని మెల్లగా తట్టుకుంది. తొందర లేదు, సిగ్గు లేదు. నాలుగో దెబ్బకి పేరు వచ్చింది.

నాకు ఆ పేరు అక్కర్లేదు ఫాదర్. ఆ వేలు చూడగానే తెలిసిపోయింది.

"గుర్తుపట్టలేదా టీచర్? టైపుమిషన్ని" అని నవ్వింది.

పిల్లలు పెట్టిన పేరు. ట-ట-ట అంటుందని. నేనెప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. పిలిచేవాళ్ళని ఆపనూ లేదు.

మీకు గుర్తుంది కదా. గుర్తుండకపోవడమేంటి, ఆ పిల్ల మూలాన్నే కదా మిమ్మల్ని ఆ కొండ మీద ఊరికి తోలేశారు. ఆ పిల్ల మూలాన అనకూడదు. అదే చెప్పడానికి వచ్చాను, ఇప్పుడు కూడా నోరు అటే తిరుగుతోంది చూడండి.

మన బడికి యాభై ఏళ్ళు నిండినప్పుడు బిషప్ గారు పూజకి వస్తున్నారన్నారు. బైబిల్లోంచి మొదటి పఠనం మూడో తరగతి పిల్లలు చదవాలని పెద్ద సిస్టర్ చెప్పారు. మీరు సైకిలు గోడకి ఆనించి మా తరగతికి వచ్చి, "ఎవరు చదువుతారు?" అని అడిగారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆ పిల్లది. తరగతంతా గొల్లుమంది. మీరు నవ్వలేదు. "సరేనమ్మా, నువ్వే" అని వెళ్ళిపోయారు.

నన్ను ఒక్క మాట అడగలేదు మీరు. అక్కడ మొదలైంది.

ఎందుకంటే, దానికి సరిగ్గా నెల ముందు ఆ పిల్ల గురించి పెద్ద సిస్టర్‌కి రాసిచ్చాను. గ్రహణశక్తి తక్కువ, పై తరగతికి పంపడం దండగ, వేరే బడి చూసుకోమని తల్లిదండ్రులకి చెప్పడం మంచిది అని. చక్కటి దస్తూరీతో రాశాను. నిజం చెప్పాలంటే ఆ పిల్లకి ఏం వచ్చో నాకు తెలీదు. వరసలో తన వంతు రాగానే వెనక బల్ల పిల్లని లేపేదాన్ని. నలభై ఎనిమిది మంది పిల్లలు, ఒక్కో మాటకి అంతసేపు ఎవరాగుతారు? అలా సర్దిచెప్పుకున్నాను.

ఆగింది ఎవరో తెలుసా? గంటమ్మ. బడి గంట కొట్టి, వరండాలు ఊడ్చే గంటమ్మ. తనకి ఒక్క అక్షరం ముక్క రాదు. సాయంత్రం బడి వదిలాక వాళ్ళ నాన్న మెకానిక్ షెడ్డు నుంచి వచ్చేదాకా ఆ పిల్ల వరండాలో ఉండేది కదా. గంటమ్మ ఊడుస్తుంటే పక్కన నడుస్తూ చదివేది. చీపురు ఒక్క ఊపుకి ఒక్క మాట. ఊపు పడేదాకా మాట ఎత్తకూడదు. "తొందరేముందే తల్లీ, వరండా ఎక్కడికీ పోదు" అనేది గంటమ్మ. ఆరు వారాలు. చీపురు లేని చోట వేలితో తట్టుకోమని కూడా తనే నేర్పింది.

నేను స్టాఫు రూములో టీ తాగుతూ వినేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. నాలుగో వారానికి నవ్వు రావడం మానేసింది.

ఇక ఆ రోజు పొద్దున్న. ఇస్త్రీ చేసిన తెల్ల గౌను, రెండు జడలు. పఠనం కాగితం నలక్కుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది. మీరు బిషప్ గారితో లోపల పూజావస్త్రాలు వేసుకుంటున్నారు. ఆ గది బయట సన్నటి నడవా ఉండేది చూడండి, అక్కడ నిలబడి పెదాలు కదుపుకుంటోంది. నేను వెళ్ళి కాగితం తీసుకున్నాను.

"ఎం-ఎందుకు టీచర్?" అంది.

"ఫాదర్ వద్దన్నారమ్మా" అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదు ఫాదర్. నోటికి దగ్గరగా ఉంది, వచ్చేసింది. మందుల షాపాయన కూతురికి ఇచ్చాను కాగితం. ఆ పిల్ల గొంతు గంటలా ఉండేది, ముందు ఒక్కసారి చూసుకోకుండానే చదివేసింది. "ఇది ప్రభువు వాక్కు" అని తను అంటే గుడిలో వాళ్ళందరితో పాటు నేనూ "దేవునికి వందనములు" అన్నాను. అన్నాను మరి.

ఈ పిల్ల ఏడవలేదు. పూజ అయ్యాక నేరుగా మీ దగ్గరికి వచ్చింది. మెట్ల మీద బిషప్ గారు, మీరు, పెద్ద సిస్టర్, చుట్టూ తల్లిదండ్రులు. మీ అంగీ పట్టుకుని లాగింది. అడగడానికి ఎంతసేపు పట్టిందో. అందరూ మాటలాపి చూస్తున్నారు. "మీ-మీరు నన్ను వ-వద్దన్నారా ఫాదర్?"

మీరు ఆ పిల్లని చూశారు. తర్వాత తన తల మీదుగా నన్ను చూశారు. నేను చెప్పు బకిలు సర్దుకోవడానికి వంగాను. బకిలు బాగానే ఉంది.

"అవునమ్మా. తప్పు నాదే" అన్నారు మీరు.

ఎందుకన్నారండీ? ఇరవై నాలుగేళ్ళుగా మిమ్మల్ని ఇదే అడగాలనుకున్నాను. అంతమందిలో నా పరువు తీయడం ఎందుకనుకున్నారా? సాయంత్రానికి నేనే వచ్చి చెబుతాననుకున్నారా? మీరు నాకు ఒక రోజు గడువిచ్చారు, అంతేకదా. నేను దాన్ని దానం అనుకుని పుచ్చుకున్నాను.

మర్నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది. ఆఫీసు వరండాలో, పిల్లలందరూ కిటికీల్లోంచి చూస్తుండగా, మిమ్మల్ని నువ్వు అని పిలిచాడు. "నా బిడ్డకి నోరు తిరక్కపోతే నీ దేవుడికి వినే ఓపిక లేదా? ఉంటే నీకెందుకు లేదు?" అన్నాడు. మీరు తల దించుకుని నిలబడ్డారు. నేను తలుపు వెనకే ఉన్నాను, హాజరు పట్టీ గుండెకి హత్తుకుని. ఒక్క అడుగు ముందుకేస్తే అయిపోయేది. ఆ అడుగు ఎంతుందని? జానెడు గడప.

టీసీ తీసుకుని వెళ్ళిపోయారు వాళ్ళు. వాళ్ళ నాన్న బిషప్ గారికి ఉత్తరం రాశాడు. సెలవుల్లో మీకు బదిలీ వచ్చింది. మీ వీడ్కోలు సభలో మాట్లాడింది కూడా నేనే, మరిచిపోయారా? మీ వినయం గురించి చెప్పాను. బాగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు.

మీరిప్పుడు అలా చూడకండి. ఇంకా అసలుది చెప్పలేదు.

ఇన్నేళ్ళూ నాకు నేను ఏం చెప్పుకున్నానంటే, అందరి ముందూ ఆగిపోతే పిల్ల జన్మంతా కుంగిపోతుంది, దాన్ని కాపాడాను అని. మీరు వెళ్ళిపోయాక పెద్ద సిస్టర్‌కి ఒకసారి సగం చెప్పాను, ఆవిడ కూడా "పోనీలే, మంచి మనసుతోనే చేశారు" అన్నారు. మీరూ అలాగే అనుకుని ఉంటారు. టీచరు భయపడింది, భయంలో అబద్ధమాడింది, అంతే అని.

ముందు రోజు సాయంత్రం గుడిలో రిహార్సల్ పెట్టాను ఫాదర్. అది మీకు తెలీదు. మీరు బిషప్ గారి కోసం స్టేషనుకి వెళ్ళారు. పీఠం దగ్గర ఆ పిల్ల, చివరి బెంచీలో నేను, గుమ్మంలో గంటమ్మ. పీట వేసుకుని ఎక్కి, మైకు లేకుండా, పఠనం మొత్తం చదివింది. ఒక వేలితో చెక్క మీద తట్టుకుంటూ. ఒక్కచోట ఆగలేదు. చివరి బెంచీ దాకా ప్రతి మాటా వచ్చింది. అంత నిదానంగా చదవడం వల్లనేమో, ఆ మాటలు నేను అంతకు ముందు విన్నట్టే లేదు.

చదివేసి నా వైపు చూసింది. నేను "ఊఁ, వెళ్ళు, చీకటి పడుతోంది" అన్నాను.

ఇంటికి నడుస్తూ ఒక్కటే ఆలోచన. రేపు ఇది ఇలా చదివితే పెద్ద సిస్టర్ వింటారు. నా దస్తూరీతో నేను రాసిచ్చింది ఆవిడ బల్ల సొరుగులోనే ఉంది. పదేళ్ళ అనుభవం ఉన్న టీచరు పనికిరాదని రాసిన పిల్లని, అక్షరం రాని ఆయా ఆరు వారాల్లో నిలబెట్టిందని బడంతా చెప్పుకుంటారు.

తడబడుతుందని భయపడి కాదు ఫాదర్ నేను కాగితం లాక్కున్నది. తడబడదని తెలిసి.

గంటమ్మకి తెలుసు. పూజ అయిన సాయంత్రం వచ్చి, "టీచరమ్మా, నిన్న పిల్ల తప్పు లేకుండా చదివింది కదా. మీరూ విన్నారు కదా" అంది. కోపంగా కాదు, నిజంగా అర్థం కాక అడిగింది. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. చూసుకుంది. రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్ళు, నా గదిలోకి వచ్చేది, ఊడ్చేది, వెళ్ళేది. నాతో మళ్ళీ మాట్లాడలేదు. పోయింది పాపం. తనకీ చెప్పుకోలేకపోయాను.

పాపాలు ఒప్పుకోవడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళలేదనుకున్నారా? ప్రతి నెలా వెళ్ళాను. పిల్లల మీద విసుక్కున్నాను ఫాదర్, కాస్త గర్వపడ్డాను ఫాదర్, ఒక అబద్ధం చెప్పాను ఫాదర్. అంతా నిజమే కదా. అలా చిన్న చిన్న ముక్కలు చేసి, గుర్తుపట్టకుండా అప్పగించేదాన్ని. కొత్త ఫాదర్లు మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమనేవారు. చెప్పుకునేదాన్ని.

సరే, సోమవారం దగ్గరికి వస్తాను. ఆ పిల్ల ఇప్పుడు కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుందట. "రోజంతా జనం చేత అక్షరాలు చదివిస్తుంటాను టీచర్, నేను చదవక్కర్లేదు" అని తనే జోకేసింది. హాయిగా ఉంది పిల్ల. ఇప్పటికీ ఆగుతుంది, ఆగినప్పుడు ఎదుటివాళ్ళనే ఆగమంటుంది. నేను పాడుచేశానని చెప్పుకోవడానికి కూడా లేదు, అంత బాగుంది. అయితే గుడికి మాత్రం వెళ్ళడం లేదట, ఆ రోజు నుంచీ. పాపని మన బడిలో చేర్పిస్తోంది కూడా ఇంటికి దగ్గరని, అంతే.

ఫారం మీద సంతకం పెడుతూ అంది. "మా నాన్న పోయేదాకా ఆ ఫాదర్ని తిట్టుకుంటూనే ఉన్నాడు టీచర్. నేను పోయినేడు ఆయన్ని క్షమించేశాను. పాప పుట్టాక అన్నీ మోయడం బరువనిపించింది. ఆయన మీకెప్పుడైనా కనబడితే చెబుతారా?"

చెబుతానన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఆ రోజు మీరొక్కరే నా తల నిమిరారు టీచర్. నాకు గుర్తుంది" అంది.

నిమిరాను ఫాదర్. కాగితం తీసుకున్నాక. అది జాలి కాదు. గట్టిగా ఏడిస్తే లోపలికి వినబడుతుందని.

అదీ కబురు. ఆ పిల్ల మిమ్మల్ని క్షమించింది. చెప్పాను.

వద్దు. ఆ చెయ్యి ఎత్తకండి. సిలువ గుర్తు వేసి నన్ను క్షమించబోతున్నారని నాకు తెలుసు, ఆ ఒక్క చెయ్యే కదా మీకు మిగిలింది, దాన్ని నా మీద ఖర్చుపెట్టకండి. దించండి. ఇలా నా చేతిలో పెట్టండి. ఇంకొక్క ముక్క ఉంది, అదీ విన్నాక మీ ఇష్టం.

ఫారంలో అడ్రసు ఉంది. చీటీ మీద రాసుకున్నాను. ఇక్కడికి మూడు స్టాపుల ముందే వాళ్ళ వీధి. పొద్దున్న బస్సెక్కేటప్పుడు అక్కడికే టికెట్ తీసుకున్నాను ఫాదర్, మీ దగ్గరికి కాదు. బస్సు ఆగింది. కండక్టరు, "అమ్మా, మీ స్టాపు" అని నన్నే చూసి పిలిచాడు. ఎదురుగానే చీటీలోని నంబరు ఇల్లు, మేడ మీద పిట్టగోడకి బడి యూనిఫాం ఆరేసి ఉంది, పాపది. కొత్తది, అంచు మడిచి కుట్టినది.

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదిలింది. ఇక్కడిదాకా ఇంకో టికెట్ తీసుకున్నాను.

తనకి చెప్పాల్సిందంతా మీకు చెప్పేశాను. మీరైతే ఎదురు అడగలేరు కదా, అందుకు. తిరుగు బస్సూ ఆ వీధి మీదుగానే వెళుతుంది. దిగుతానని మీకు మాటివ్వను. ఇస్తే మీరు నమ్ముతారు, నాకదే భయం.