కార్డుకో ఎత్తు

కొత్తకోటలో లారీ డ్రైవర్ వెంకటన్న ఇల్లు. అతనితో రెండేళ్లుగా పోస్టుకార్డుల మీదే చదరంగం ఆడుతున్న బాలకిష్టయ్య, మగ్గం ఆపుకొని మరీ గద్వాల నుంచి బస్సెక్కి వచ్చాడు. వెంకటన్న భార్య సత్తెమ్మ తలుపు ఓరగా తీసి, వెనకాల నిలబడే మాట్లాడుతోంది.

“లేడన్నా. లారీ మీద పోయిండు.”

“ఎప్పుడొస్తడు?”

“తెల్వదు.”

“పోనీ, ఈ నోటుబుక్కన్న సూడు. మా ఆట ఎత్తెత్తూ రాసుకున్న. కార్డుల రాత నీదేనంట గద, బావ చెప్తుంటే నువ్వు రాస్తవంట.”

“ఆఁ. రాస్త.”

“మొదలు జూడు. రెండో ఎత్తుకే బంటును నా నోటికిచ్చిండు. పోతే పోనీ, తొవ్వ దొరుకుతది అంటడు. గదీ బావ ఆట! మరి తొమ్మిదో ఎత్తుకెల్లి ఏమైంది? పన్నెండు కార్డులు, ఒక్క కాయను సావనియ్యలే. నాదీ సంపలే.”

“జాగర్తగ ఆడుతున్నడేమో.”

“ఏం జాగర్త! మొన్న నా మంత్రిని కావాలని ఎదురుంగ పెట్టిన. కొట్టలే! పిల్లగాడైన కొడుతడు. నామీద కోపమా, పానం బాగలేదా? గది అడుగుదామనే వచ్చిన. తలుపు జర తియ్యి సెల్లె, ఎండల నిలవెట్టినవు.”

“వద్దన్నా… పో. కార్డు రాస్తడు.”

“రాస్తడు, రాస్తడు! మనిషేడి? నేను కదల. ఈన్నే కూసుంట.”

“…తీసిన. సూడు.”

“సెల్లె… బొట్టేది? అయ్యో, బొట్టేదమ్మా?”

“దసరాకు నాలుగొద్దుల ముందు. హుబ్బళ్లి తాన లారీ బోర్లపడ్డది.”

“దసరా… అంటే ఈ కార్డులు…”

“నేనే. రాసుకుంట రాసుకుంట నేర్సుకున్న.”

“బావ పోయి నాలుగు నెల్లాయె, నేను ఆయనతోని ఆడుకుంటనే ఉన్న! మరి మంత్రిని సూడలేదా?”

“సూసిన. చెయ్యి రాలేదన్నా.”

“నాకొక్క ముక్క రాయకపోతివి! మట్టికన్న వస్తుంటి గద!”

“రాస్తే ఆట ఒడుస్తది, ఇగ కార్డులు రావు. కార్డొచ్చిన్నాడు పోస్టాయన వాకిట్ల నిలవడి ఆయన పేరు పెట్టి పిలుస్తడు. ఇంకెవ్వరు పిలుస్తరన్నా ఆ పేరు? తిట్టు. తప్పు నాదే.”

“తిట్ట. నువ్వేడ్వకు… ఇప్పటి ఎత్తు నాదే గద?”

“నీదే. చెప్తవా?”

“ఇక్కడ చెప్ప. గద్వాల పోయి కార్డేస్త. బావ పేరు మీదనే.”