రుబ్బురోలు దగ్గర హెగెల్

1979. తిరుపతిలో ప్రొఫెసరు గారింటి వెనక వసారాలో పరిశోధక విద్యార్థి ఇడ్లీపిండి రుబ్బుతున్నాడు. ప్రొఫెసరు కుర్చీలో కూర్చుని జర్మన్ తత్వవేత్త హెగెల్ మీద అతను రాసిన థీసిస్ తిరగేస్తున్నాడు.

"బానిస లేకుంటే యజమానికి గతిలేదని హెగెల్ చెప్పినాడా?"

"అవును సార్. పనిచేసే బానిసకే కడాకు స్వేచ్ఛంటే ఏందో తెలుస్తుందన్నాడు. ఆయనా గొప్పోళ్ళ ఇండ్లల్లో పిల్లోళ్ళకు చదువు చెప్పి బతికినోడే."

"పిండి రుబ్బలేదు గదా! మీ నాయన కూడా మా వరి కయ్యల్లో పనిచేసినాడే, ఏం తెలిసిందప్పా?"

"నన్ను చదివించాలని తెలిసింది సార్."

ప్రొఫెసరు థీసిస్ మూసేశాడు. విద్యార్థి చెయ్యి కడుక్కుని పెన్ను అందించాడు.

"గైడుగా సంతకం పెట్టండి సార్. థీసిస్ ఇస్తేనే ఉద్యోగం."

"నువ్వు పోతే మా చుట్టాల్ని కొండకు ఎవరు తీసకపోతారు? హెగెల్ చెప్పింది నిజమే. నువ్వు లేకుంటే నాకు గతిలేదు. అందుకే సంతకం పెట్టను. రుబ్బు, పిండి ఇంకా బరగ్గానే ఉండాది."