సీటు లేని బండి

పది గంటలకి వ్యాను వచ్చి బండిని పట్టుకుపోతుంది. ఆలోగా మావని ఒప్పించాలి. చినబాబుకి ఆ ఉదయం ఇంతకన్నా పెద్ద పని లేదు.

అది మామూలు బండి కాదు. రాళ్ళూ గుట్టలూ ఎక్కించడానికే తయారుచేసిన ట్రయల్స్ మోటారుసైకిలు. విశాఖపట్నంలో ఒకాయన అమ్ముతుంటే ఫోనులో బొమ్మ చూసి మోజుపడి కొనేశాడు. అలాంటి బండికి సీటుండదు, నిలబడే నడపాలి. ఆ సంగతి చినబాబుకి తెలుసు, పెళ్ళాం తాయారుకే చెప్పలేదు. ఆదివారం నిన్ను దీని మీద పాతపట్నంలో మీ అక్క ఇంటికి తీసుకెళ్తానని మాత్రం ఊరించాడు. బండి తమ ఊరు గరివిడిలో దిగగానే తాయారు సంబరంగా వచ్చి, దాని చుట్టూ తిరిగి చూసి, "నానెక్కడ కూకోవాల బావా?" అంది. చినబాబు బండి తుడవడంలో పడ్డాడు. అమ్మినాయనకి తాయారే ఫోను చేసి, బండి వెనక్కి పంపుతున్నామని చెప్పేసింది.

తాయారు మాట మార్చగలిగినవాడు ఒక్కడే, ఆమె తండ్రి నరసింగరావు. చినబాబుకి ఆయన మేనమావ కూడా. అందుకే పొద్దున్నే బండిని దేవమణి టీ కొట్టు ముందు నిలబెట్టి, మావ చేతిలో వేడి టీ పెట్టి, పక్కన కూర్చున్నాడు. ఎదురు బల్ల మీద లక్ష్ముడు ఉన్నాడు. ఊళ్ళో తాటిచెట్లూ కొబ్బరిచెట్లూ ఎక్కేది అతనే.

"బండి కొనడం గొప్ప కాదు మావా, దాన్ని మన సేతికి అలవాటు సెయ్యడం గొప్ప. ముందు హేండిలు ఇప్పి కాసింత ముందుకి తిప్పేను, నిలబడితే సేతికందాల కదా. ఎనక గొలుసు తిరిగే పళ్ళసక్రం తీసీసి పెద్దదేసేను, జోరు తగ్గుతాది గానీ లాగుడు పెరుగుతాది. అప్పుడు టైర్లలో గాలి దింపేను. నిన్న సాయంత్రం తాయారు బజారుకెల్లినప్పుడు, మన ఇంటి అరుగుందా, మోకాలెత్తు, దానికి ఎదురుగా పెట్టి ఒక్క గుంజు గుంజేను. అరుగెక్కీసింది!"

"నిజవేనా?" అన్నాడు మావ.

"ఒట్టు మావా."

మావ లేచి వెళ్ళి టైరు నొక్కి చూశాడు. హేండిలు పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. "పనితనం ఉన్నాదిరా అల్లుడూ" అని వచ్చి కూర్చున్నాడు. చినబాబు అక్కడితో నోరు మూసుకుని ఉంటే బండి దక్కేది. కానీ ఎదుటివాడు నమ్ముతున్నాడంటే చాలు, అతనికి ఒళ్ళు తెలియదు.

"గాలి ఏమాత్రం దింపేవేటి?" అనడిగాడు లక్ష్ముడు.

"అదీ అడగవలసిన మాట! ఎంత దింపేనంటే, పెరట్లో కోడిపెట్ట పొదుగుతందా, దాని మీంచి పోనిచ్చేను. గుడ్డు పగల్నేదు, పెట్ట లెగనేదు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా?"

"పిల్లలు పుట్టీసాయా?" అంది దేవమణి, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ.

"పుట్టీసాయి పిన్నీ! ఇంజిను ఎచ్చదనం తగిలింది కదా!"

దేవమణి నవ్వు ఆపుకోలేక గరిటె వదిలేసింది. ఆ నవ్వు చినబాబుకి కల్లు తాగినంత ఎక్కింది.

"అరుగెక్కిన బండికి రాయి ఒక లెక్కా? ఊరవతల ఏనుగంత రాయి ఎక్కించేను. రాయి దాటితే ఎదురుగా కొండ. కొండెక్కేను. కొండ అయిపోయింది గానీ బండికి ఊపు అయిపోనేదు మావా! ఏటి సెయ్యాల? బ్రేకేస్తే ఇంజిను మనసు ఇరిగిపోతాది. అక్కడొక తాటిసెట్టుంది. దాని మీదికి పోనిచ్చీసేను."

లక్ష్ముడికి టీ పొలమారింది. "మోకు నేకుండానా?"

"గాలి తీసిన టైరుకి మోకెందుకు బావా? సెట్టుని సుట్టీసుకుంటాది. సగం దూరం ఎల్లేసరికి నీ కల్లుకుండ అడ్డొచ్చింది."

"నా కుండే?"

"నీదే. సుక్క ఒలక్కుండా పక్కనించి తిప్పేను. హేండిలు సరిసేసింది అందుకే కదా!"

చెబుతుంటే చినబాబుకే ఒళ్ళు పులకరించింది. కాళ్ళ కింద బండీ, ముఖాన గాలీ, కిందెక్కడో గరివిడి. ఇంత సుఖం అతనికి ఈ మధ్య దేంట్లోనూ దొరకలేదు. ఇప్పుడు ఆపమంటే ఎలా ఆపుతాడు?

"సెట్టు మొవ్వులో నిలబడితే భోగాపురం కనపడతంది. కొత్తగా కడతన్న ఇమానాశ్రయం కనపడతంది. అంతలో ఒక ఇమానం, రెక్క నా పక్కనించే పోతంది. ముందు సక్రం ఎత్తేను, రెక్క మీద పెట్టేను, ఎనక సక్రం దానంతటదే వచ్చీసింది. పైలెట్టు అద్దం దింపి ఏటడిగేడో తెలుసా?"

"దిగిపొమ్మన్నాడా?" అంది దేవమణి.

"'సినబాబుగారూ, గాలెంత ఉంచేరండీ?' అనడిగేడు. సెప్పేను. ఆయన కూడా ఇమానం టైర్లకి అంతే ఉంచుకున్నాడు. ఇప్పుడు దానికి రన్‌వే అక్కర్నేదు, వరిమడిలో దిగిపోతంది, ఒక్క మొక్క ఒంగదు!"

మావ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "ఒరే లక్ష్ముడూ, రేపట్నుంచి నా కొబ్బరిసెట్ల కాడికి నువ్వు రావక్కర్నేదు. అల్లుడు బండేసుకుని ఎక్కి కాయలు దింపీస్తాడు."

ఆయన ముఖంలో నవ్వు లేదు. చినబాబు బల్ల చివరికి జరిగాడు. "కొబ్బరిసెట్టు నున్నగా ఉంటాది కదా మావా..."

"అయితే తాటిసెట్టుకే ఎల్దాం. లెగు."

సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి కొట్టు ముందు ఆగింది. ముందు సీట్లోంచి తాయారు దిగింది. చినబాబు మావ చెయ్యి పట్టుకున్నాడు.

"తాటిసెట్టు ఎక్కనేదు మావా" అన్నాడు.

"ఇమానం?"

"నేదు."

"కొండ?"

"కనపడింది."

"కోడిపెట్ట?"

"పక్కనించి పోనిచ్చేను."

"మరి అరుగు?"

"అరుగు నిజం మావా! ఒట్టు, అరుగు మాత్రం నిజం!" అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లక్ష్ముడు, దేవమణి, చివరికి మావ కూడా ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. బతుకులో ఒక్క నిజం చెబితే దానికీ దిక్కులేకపోయిందని చినబాబుకి ఏడుపొచ్చింది.

మావకి జాలేసినట్టుంది. కొట్టు ముందున్న సిమెంటు గట్టు చూపించాడు. "అదీ మోకాలెత్తే. ఎక్కించి దించు. అప్పుడు బండి ఉంటాది. తాయారుకి నాను సెప్తాను."

దేవమణి బల్లలు పక్కకి లాగింది. చినబాబు బండి మీద నిలబడ్డాడు. ఇంజిను స్టార్టు చేశాడు. ఒక్క గుంజు గుంజాడు. ముందు చక్రం లేచింది, వెనక చక్రం గట్టుని పట్టుకుంది, కన్ను మూసి తెరిచేలోగా బండీ అతనూ గట్టు మీద ఉన్నారు. లక్ష్ముడు ఈల వేశాడు. దేవమణి చప్పట్లు కొట్టింది.

"సెబాసురా! ఇంక దించు" అన్నాడు మావ.

చినబాబు కిందికి చూశాడు. కదల్లేదు.

"దించు బావా" అంది తాయారు. "అరుగు మీంచి ఎలా దించేవు?"

"ఈదిలో నలుగుర్ని పిలిసేను తాయారూ. ఆళ్ళు మోసి దించేరు."

లక్ష్ముడు బల్ల మీద పడి దొర్లాడు. మావ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈ గోలంతా పట్టని డ్రైవరు వ్యానుని వెనక్కి తెచ్చి గట్టుకి ఆనించి, "బాబుగారూ, అక్కడే ఉండండి. లోడింగుకి సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

చినబాబు హేండిలు వదల్లేదు. తాయారు అతన్ని చూసింది, గట్టుని చూసింది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో బావ చెప్పినదాంట్లో ఒకటి నిజమని కళ్ళారా చూడడం ఆమెకి ఇదే మొదలు.

"అయితే అరుగు నిజవేనన్నమాట" అని, డ్రైవరు వైపు తిరిగింది. "ఎక్కించు బాబూ. ఇశాఖపట్నం ఎల్లక్కర్నేదు, మా ఇంటి కాడ దించీ. పాతపట్నం మేం బస్సుకి పోతాం."

బండిని వ్యానులోకి తోసి తాళ్ళు కట్టారు. చినబాబు దిగనన్నాడు. వ్యాను కదిలేసరికి బండి మీద నిటారుగా నిలబడి, కొట్టు వైపు తిరిగి అరిచాడు: "సూసేరా! ఇంజినాపీసి నడుపుతన్నాను!"

ముందు సీట్లో తాయారు డ్రైవరుతో అంది: "బాబూ, కాస్త ఆ గోతుల్లోంచి పోనీ."