సుబ్బులు మొహం మీద మచ్చలు

ఏ కెమెరా కొనమంటారు మామ్మగారూ అంటావేంటే సింధూ, వచ్చీ రాగానే? కొందువులే. ముందు నీ ఫోను ఇటియ్యి. చూడు, కెమెరా అద్దం మీద ఎంత జిడ్డుందో! మెత్తటి గుడ్డతో తుడువు. ఈ పని చెయ్యరు గానీ ఖరీదైన కెమెరాలు కావాలి ఒక్కొక్కళ్ళకి!

అసలు నా కడుపుమంట వేరే ఉందిలే, విను. మంగళగిరిలో సుబ్బులని, చీరలు నేసేది. నాకు ముప్పై ఏళ్ళ స్నేహం. కాదు కాదు, నలభై దాటినయ్యి, మా అబ్బాయి రఫీ ఇంకా పుట్టలేదు అప్పటికి. వన్‌టౌన్‌లో మాకు స్టూడియో ఉండేది కదా, మా ఆయన కెమెరా ముందు కూర్చోవడానికి ఆడవాళ్ళు సిగ్గుపడుతుంటే నేనే నేర్చుకుని తీసేదాన్ని. అట్టా వచ్చింది సుబ్బులు, పెళ్ళి సంబంధానికి ఫోటో పంపాలని. మొహం నిండా అమ్మవారు పోసిన మచ్చలు.

"అవి పడకుండా తియ్యండి రజియాగారూ" అంది.

"పడతాయమ్మా, దాచిపెడితే రేపు నీకే బాధ" అన్నా.

కిటికీ పక్కన కూర్చోబెట్టా. నవ్వమనలేదు. నవ్వమంటే మనిషి బిగుసుకుపోద్ది, తెలుసా? మగ్గం సంగతులు అడిగా. చెప్తా చెప్తా ఫోటో సంగతే మర్చిపోయింది, కళ్ళు వెలిగినయ్యి, అప్పుడు నొక్కా. ఫిల్ము రోల్లో ముప్పయ్యారు ఫోటోలే ఉండేయి మరి, చూసి, ఆగి, నొక్కేవాళ్ళం. మీరేమో ముందు వంద నొక్కి తర్వాత చూస్తారు! ఆ ఫోటో చూసే పెళ్ళికొడుకు వెంకటేశ్వర్లు సరేనన్నాడు.

ఆ సుబ్బులు మొన్న పోయింది. పెద్దకర్మకి ఫోటో కావాలని కూతురు లక్ష్మి తన ఫోన్లో ఉన్నది ఒక షాపులో ఇచ్చింది. వాడేం చేశాడనుకున్నావు? మచ్చలన్నీ చెరిపేసి, మొహం పిండి పూసినట్టు తెల్లగా చేసి, ఒంటికి ఎవరిదో పట్టుచీర అతికించాడు! జన్మంతా నూలు నేసి నూలు కట్టిన మనిషికి! లక్ష్మి ఏడుస్తా నా దగ్గరికొచ్చింది, "మా అమ్మ కాదండీ ఇది" అని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరం ఆటో ఎక్కి ఆ షాపుకెళ్ళాం.

"మచ్చలుంటే బాగోదు కదండీ" అంటాడు.

"ఎవరికయ్యా బాగోనిది? ఆవిడ మొగుడికి నలభై ఏళ్ళు బాగానే ఉందే!"

కుర్చీ లాక్కుని వాడి పక్కనే కూర్చున్నా. చేసినవన్నీ తీయించేశా. అసలు ఫోటో ఎంత బాగుందో! మగ్గం దగ్గర కూర్చునుంది, గుమ్మంలోంచి వెలుగు పక్కగా పడుతుంటే తలెత్తి చూసింది, లక్ష్మి దగ్గరికెళ్ళి తీసింది. దూరం నుంచి జూమ్ లాగి ఉంటే పాడైపోయేది. నువ్వూ అంతే, నాలుగడుగులు ముందుకెయ్యి. మోచేతులు డొక్కలకి ఆనించుకో, కదలదు. వెలుగు మాత్రం రవ్వంత పెంచమన్నా వాణ్ణి, అంతే. ఇంకేదైనా ముట్టుకున్నావో, అన్నా.

షాపువాడు చేసిన మొదటిది చూసి వెంకటేశ్వర్లు మొహం తిప్పుకున్నాడంట. పెద్దకర్మ రోజు ఈ అసలు ఫోటో గోడకి ఆనించారు. దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, "తలన్నా దువ్వుకోకుండా కూర్చున్నావేంటే" అని కసిరాడు. గట్టిగానే కసిరాడు.

సర్లే, కెమెరా ఏదైనా పర్లేదు. నీ చెయ్యి వణక్కుండా ఉండాలి తల్లీ, మనుషుల్ని ఉన్నట్టుగా చూసే కళ్ళు నీకుండాలి... వెళ్ళు, మీ అమ్మ పిలుస్తున్నట్టుంది...